బావగారు ఎంచిన పెట్టె ట్రైలరు

బావగారు పోయారన్న కబురు నాకు నెల్లూరులో, ఎగ్జిబిషన్ స్టాలులో, ఒకావిడకి చెక్క గరిటెలు పొట్లం కడుతుండగా వచ్చింది. పొద్దున పదకొండు కూడా కాలేదు. ఫోన్లో అక్క, అంటే బావగారి భార్య, నా తోడికోడలు, ఏడవడం లేదు.

"మీ బావ లేడు మే. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టినాడు, అంతే. సాయంత్రానికి ఎత్తేస్తారంట. బయల్దేరి రాండి," అన్నది.

మీతో అబద్ధం చెప్పడమెందుకు, నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. వారం రోజులుగా ఆయనకు జ్వరం. ఆత్మకూరు పోయి డాక్టరుకు చూపించుకోమని నేనూ మా ఆయనా రోజూ ఫోన్లో చెప్తూనే ఉన్నాం. "చూద్దాం లేమ్మా, తొందరేముండాది," అనడమే. మా కోసం ఒక ట్రైలరు ఎంచడానికి సంవత్సరం మీద రెండు నెలలు తిరిగి, అంగుళం అంగుళం మూడేసి సార్లు కొలిచిన మనిషి, తన ఒంటిని మాత్రం ఒక్కసారి కూడా ఎవరికీ చూపించుకోలేదు.

ఆ ట్రైలరు సంగతే మీకు చెప్పాలి. ఆయన్ని తలుచుకుంటే నాకు అదే గుర్తుకొస్తోంది, దానితోపాటు ఆ పద్నాలుగు నెలల విసుగూ గుర్తుకొస్తోంది.

నాకూ మా ఆయనకూ చిన్నతనంలోనే పోలియో సోకింది. నాకు ఎడమ కాలు, ఆయనకు రెండు కాళ్ళూ. ఉదయగిరిలో మాకు చిన్న ఇల్లు, ముందు వరండాలో పని. చెక్కతో గరిటెలు, చెమ్చాలు, ఫోర్కులు చేస్తాం. ఆయన చెక్కుతారు, నేను ఉప్పుకాగితం పెట్టి నునుపు చేస్తాను. ఇద్దరికీ చెరో మూడు చక్రాల స్కూటరు ఉంది, వెనక రెండు చక్రాలు బిగించినవి. అవి ఉన్నంతసేపూ మాకు ఏ లోటూ లేదు. ఉదయగిరిలో మేము పోని వీధి లేదు.

లోటు ఊరు దాటితేనే. సరుకు అమ్ముడుపోయేది ఎగ్జిబిషన్లలో. మొదట్లో సరుకు మూటలతో బస్సులో పోయేవాళ్ళం. స్కూటర్లు ఇంట్లో, మేము నెల్లూరులో. మైదానంలో మా స్టాలు ఒక మూల, మరుగుదొడ్లు ఇంకో మూల. చంక కర్రతో అంత దూరం ఇసకలో పోయి రావడం నా వల్ల కాదు. అందుకని పొద్దున్నించి స్టాలు మూసేదాకా నీళ్ళు తాగేదాన్ని కాదు. ఒక ఏడాది ఎండల్లో అట్లా పది రోజులు ఉండి, ఇంటికొచ్చి మంచాన పడ్డాను. సెలైను పెట్టారు. ఎందుకిట్లా అయిందని అక్క గుచ్చి గుచ్చి అడిగితే ఆమెకు మాత్రం చెప్పాను. ఆమె బావగారికి చెప్పినట్టుంది. ఆయన నాతో ఆ మాట ఏనాడూ ఎత్తలేదు. మరుసటి వారం వచ్చి, వాకిట్లో రెండు స్కూటర్లనూ టేపుతో కొలుచుకుని, లెక్క చేతిమీద రాసుకుని వెళ్ళిపోయారు.

ఆయన ముప్ఫై ఏళ్ళు లారీ నడిపిన మనిషి. తర్వాత మాకు పది కిలోమీటర్ల దూరంలో, వరికుంటపాడు దారిలో ఉన్న సొంత ఊళ్ళో కాస్త సేద్యం, ఒక పాత జీపు. ఆ జీపుకు వెనక తగిలించుకునే ట్రైలరు ఒకటి కొని, అందులో మా స్కూటర్లూ సరుకూ పెట్టుకుని, తనే నడుపుకుంటూ మమ్మల్ని తీసుకుపోవాలని ఆయన ఆలోచన.

"టాపు లేనిది తీసుకుంటే సులువు కదా అన్నా," అన్నారు మా ఆయన.

"వాన పడితే చెక్కంతా ఉబ్బిపోతాది. బండ్లు తుప్పు పడతాయి. దారిలో ఎక్కడన్నా ఆపితే కాపలా ఎవురుండేది? మూసేదే కావాల," అన్నారు బావగారు.

సరే మూసేదే చూడండి అన్నాం. అక్కడ మొదలైంది మా కష్టం.

మొదట నెల్లూరు అవతల ఒక యార్డులో కొత్తది చూశాం. తెల్లగా మెరిసిపోతోంది. నాకు చూడగానే నచ్చింది. బావగారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, వెనక మోకాళ్ళమీద కూర్చుని, నేలనుంచి దాని అడుగుకు ఎంత ఎత్తుందో కొలిచి, "ఇది సామాన్లకు. మనుషులకు కాదు," అని లేచారు. టీ తాగుదాం పదండి అన్నారు. టీని సాసర్లో పోసుకుని ఆయన ఊదుకుంటుంటే నేను ఎదురుగా కూర్చుని పళ్ళు నూరుకున్నాను.

రెండోది కావలి వైపు ఎవరో చేపలు తోలే ఐసు పెట్టె. చవకగా వస్తుందని మా ఆయన పట్టుబట్టారు. బావగారు లోపలికి పోయి తలుపు దగ్గరికి లాగి చాలాసేపు వాసన చూసి వచ్చి, "మీ గరిటెలతో ఎవురూ పాయసం కలపరు," అన్నారు. మూడోది ఒకప్పుడు టిఫిన్లు అమ్మిన బండి. దాని నేల పలచటి ప్లైవుడ్డు. రెండు చోట్ల కాలితో నొక్కి చూసి, అది దిగబడితే మాకు చూపించారు. నాలుగోది బాగానే ఉంది, కాగితాలు లేవు. అయిదోది వెడల్పు. రెండు స్కూటర్లూ పక్కపక్కన పడతాయి, మాకు అదే కావాలి. ఆయన మాత్రం, "జీపుకన్నా అడుగున్నర బయటికి ఉండాది. సోమశిల మలుపుల్లో ఎదురుగా లారీ వస్తే ఎటు తిప్పేది?" అన్నారు.

"అయితే ఒకదాని వెనక ఒకటి పెట్టుకుందాం," అన్నాను నేను.

"పెట్టుకుంటే ముందు ఎక్కినోళ్ళు బయటికి ఎట్టా వస్తారు? వెనక బండి దారి మూసేస్తాది గదా. ఎక్కడం ఒక్కటే చూస్తే ఎట్టమ్మా, దిగడం గూడా చూసుకోవాల."

అప్పటికి ఎనిమిది నెలలు. రెండు ఎగ్జిబిషన్లు పోయినాయి. ఒకదానికి మళ్ళీ బస్సులోనే పోయి, మళ్ళీ నీళ్ళు మానేసి వచ్చాను. ఆయనకు ఫోను చేస్తే "చూద్దాం లేమ్మా" అంటారు. ఇంటికొస్తే టేపు తీస్తారు. ఆయన జీపు శబ్దం వీధి మలుపులో వినిపిస్తే నాకు తలనొప్పి మొదలయ్యేది. పెద్దాయన, మా కోసమే తిరుగుతున్నాడని తెలుసు. తెలిసినా విసుగు ఆగదు. మనకు మేలు చేసే మనిషిమీద వచ్చే విసుగును ఎక్కడా వెళ్ళగక్కుకోలేం.

చివరికి నేను తెగించాను. వింజమూరులో షామియానా సామాన్లు తోలే ఒకాయన తన మూత ట్రైలరు అమ్ముతున్నాడని తెలిసి, బావగారికి చెప్పకుండా మేమిద్దరం పోయి చూసి, డబ్బు కట్టేశాం. గట్టి రేకు, కాగితాలున్నాయి, పొడవుంది. ఇంకేం కావాలి? ట్రాక్టరు వాళ్ళ చేత ఇంటి ముందుకు తోలించి, అప్పుడు ఆయనకు ఫోను చేశాను.

ఆయన వచ్చారు, అక్క కూడా వచ్చింది. చుట్టూ ఒకసారి తిరిగారు. ఈసారి టేపు తియ్యలేదు. నాకు అది ఇంకా చిరాకు పుట్టించింది.

"ఏదో ఒకటి అనండి బావగారూ," అన్నాను.

"ఏమంటానమ్మా. కొన్నారు గదా. ఎక్కించు చూద్దాం."

వెనక తలుపు కిందికి దించితే అదే ర్యాంపు అవుతుంది. నేను స్కూటరు తిప్పుకుని, పంతంగా వేగం పెంచి ఎక్కించాను. సగం దాకా బాగానే పోయింది. అక్కడ బండి ఆగింది. ముందు చక్రం తేలిపోయినట్టయింది. బ్రేకు నొక్కినా చక్రాలు రేకుమీద జారి వెనక్కి వస్తున్నాయి. నా కాలు ఆనించుకోవడానికి కింద ఏమీ లేదు. నేను అరిచానో లేదో గుర్తులేదు. వెనకనుంచి ధబ్బుమని శబ్దం వచ్చి బండి నిలిచిపోయింది. తిరిగి చూస్తే బావగారు తన రొమ్మును స్కూటరు సీటుకు ఆనించి, రెండు చేతులతో రేకు అంచులు పట్టుకుని నిలబడి ఉన్నారు. అరవై దాటిన మనిషి. ముఖం నల్లబడింది. అక్క పరుగెత్తుకొచ్చి ఒక పక్క పట్టుకుంది. ఎదురింటివాళ్ళు వచ్చి బండిని కిందికి దించేదాకా ఆయన కదల్లేదు.

దించాక అరుగుమీద కూర్చుని నీళ్ళు తాగి అన్నారు: "నేల ఎత్తుగా ఉండాది. అందుకే వాలు నిట్టనిలువుగా వస్తా ఉండాది. నేను ముందే చెప్పినా గదా అని అననులే."

అనను అంటూనే అన్నారు. నేను లోపలికి పోయి తలుపేసుకున్నాను. ఆయన రొమ్ముమీద నెల రోజులు నల్లగా కమిలి ఉందని అక్క తర్వాత చెప్పింది.

మరునాడే ఆ ట్రైలరును జీపుకు కట్టుకుని ఆత్మకూరులో ఒక వెల్డింగు షాపుకు తీసుకుపోయారు. అమ్మేసి వేరేది కొందాం అంటే ఒప్పుకోలేదు. "పెట్టె మంచిదేనమ్మా. నువ్వు ఎంచింది తప్పేం గాదు. కాళ్ళే పొట్టి చెయ్యాల," అన్నారు. ఇరుసు మార్పించి పెట్టెను నేలకు దగ్గరగా దించాలట. ర్యాంపు పొడవు పెంచి, మడతపడేట్టు చేయించాలట. జారకుండా దానిమీద అడ్డ గీతలు కావాలట. రెండు వారాల పని అన్నాడు మేస్త్రీ. మూడు నెలలు పట్టింది. ఒకరోజు ఆ మేస్త్రీయే మా ఆయనకు ఫోను చేసినాడు.

"అన్నా, మీ అన్నను ఒక వారం ఇంట్లో పెట్టుకోండి. అతికిందాన్ని మళ్ళీ కోయిస్తా ఉండాడు. ఇంకో గిరాకీని చూసుకోలేకపోతా ఉండా," అన్నాడు.

సరే, మాట్లాడదామని ఇద్దరం ఆటో కట్టించుకుని ఆత్మకూరు పోయాం. పట్టపగలు, బస్టాండు దగ్గరి రోడ్డు. షాపు ముందు జనం మూగి ఉన్నారు, నవ్వుతున్నారు. ఏందా అని చూస్తే, మధ్యలో బావగారు. ఎడమ కాలిని మోకాలి దగ్గర మడిచి తువ్వాలుతో తొడకు కట్టేసుకున్నారు. చంకలో ఒక కర్ర. అది నాదే, పాతది, విరిగిందని మూల పడేసింది. దాన్ని బాగుచేయించి తెచ్చుకున్నట్టున్నారు. ఆ కర్రమీద కుంటుతూ ర్యాంపు ఎక్కుతున్నారు. సగంలో తూలారు. ఎవడో ఈల వేశాడు.

నా ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పటినుంచి నా నడకను అట్లా చేసి చూపించి నవ్వినవాళ్ళు ఎందరో ఉన్నారు. ఆటోలోనుంచే అడిగాను.

"ఏంది బావగారూ ఇది? మమ్మల్ని ఎక్కిరిస్తా ఉన్నారా?"

ఆయన వెనక్కి తిరిగి నన్ను చూశారు. జనం నవ్వు ఆగింది. ఆయన ముఖంలో సిగ్గు లేదు, ఆశ్చర్యం ఉంది. నాకు కోపం ఎందుకొచ్చిందో అప్పటికి ఆయనకు అర్థం కాలేదు.

"ఎక్కిరించేదేంది తల్లీ. మీరిద్దరూ ఎట్టెక్కుతారో నాకు తెలవదు గదా. రెండు కాళ్ళున్నోడికి ఏ వాలైనా ఒకటే. తెలుసుకోవాల గదా," అన్నారు. చెప్పి, మళ్ళీ తిరిగి పైకి ఎక్కి, లోపలికి పోయి మేస్త్రీ చేత తలుపు ఎత్తించి మూయించుకున్నారు.

కాసేపటికి లోపలినుంచి దబదబా కొట్టిన చప్పుడు. తలుపు లోపలినుంచి తెరుచుకోదు. మేస్త్రీ నవ్వుకుంటూ పోయి తీశాడు. బావగారు చెమటలు కక్కుతూ బయటికి వచ్చి, నవ్వుతున్న మేస్త్రీని చూసి నెమ్మదిగా అడిగారు.

"నాకైతే నువ్వుండావు. ఆ బిడ్డ లోపలుండంగా తెలవక ఎవురన్నా తలుపు ఎత్తి గడియ పెడితే ఎవురు తీస్తారు?"

మేస్త్రీ నవ్వడం మానేశాడు. ఆ రోజే లోపలినుంచి కూడా తీసుకునేట్టు గొళ్ళెం పెట్టాడు, నేను స్కూటరు మీద కూర్చునే అందుకునే ఎత్తులో. పక్కన ఇంకో చిన్న తలుపు కోశాడు, ముందు ఎక్కినవాళ్ళు బండి దిగి నేరుగా బయటికి వచ్చేట్టు. దాని పక్కన పట్టుకోవడానికి కడ్డీ. పైన పెట్రోలు వాసన పోవడానికి గాలి కంతలు. చక్రాలు కదలకుండా నేలకు కొక్కేలు. ఏ బండి ముందు ఉండాలో కూడా బావగారే తేల్చారు. మా ఆయన బండి బరువు, అది ముందు ఉంటే ట్రైలరు తోక ఊపదు. నేను ఆటోలో కూర్చుని అదంతా చూశాను. మాట్లాడదామని పోయినదాన్ని, క్షమించండి అని కూడా అనలేదు. ఇప్పుడు అనుకుంటే ఏం లాభం.

ట్రైలరు వచ్చాక మొదటిసారి నెల్లూరు పోయిన రోజు నాకు బాగా గుర్తుంది. మైదానంలో జీపు ఆపి బావగారు ర్యాంపు దించారు. నేను ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లోపలికి పోయి, నా స్కూటరెక్కి, వెనక్కి దిగాను. మా ఆయన కూడా అంతే. ఇద్దరం మైదానం చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చాం, పని లేకపోయినా. ఆ మధ్యాహ్నం నేను రెండు సీసాల నీళ్ళు తాగాను. మజ్జిగ కూడా తాగాను. అది చెప్పుకుంటే చిన్న విషయంలాగే ఉంటుంది. అన్నీ సర్దాక బావగారికి ఏదో చెప్దామని పోతే, ఆయన ట్రైలరు కింద దూరి ఉన్నారు. "ఈ బోల్టు వదులయినట్టుండాదమ్మా, మళ్ళీ ఆత్మకూరు పోవాల్నేమో," అన్నారు కిందినుంచే. టీ తెప్పించాను.

ఆ తర్వాత మూడేళ్ళు ఆయనే నడిపారు. తిరుపతి, ఒంగోలు, కడప. ప్రతి యాభై కిలోమీటర్లకూ ఆపి కొక్కేలు చూసేవారు. కలువాయిలో కూతురు ఇంటి ముందునుంచి పోతున్నా, లోపల మా బండ్లుంటే దిగేవారు కాదు, కిటికీలోంచి పలకరించి వచ్చేసేవారు. మేము పోట్లాడితేనే దిగేవారు.

ఈసారి జ్వరమని రాలేదు. జీపుకు వేరే డ్రైవరును పెట్టి పంపారు. ఆ డ్రైవరుకు తాడు కట్టడం దగ్గర్నుంచి తలుపు వెయ్యడం దాకా ఫోన్లో గంటసేపు చెప్పారట, అతను తల పట్టుకున్నాడు.

కబురు విన్నాక స్టాలు సర్దడానికి మాకు అరగంట పట్టింది. స్కూటర్లు రెండూ ఎక్కించి, సరుకు ఎట్లా పడితే అట్లా వేసి బయల్దేరాం. ఆత్మకూరు దాటాక, "బస్సైతే అందుకునేవాళ్ళం కాదు," అన్నారు మా ఆయన.

ఊరికి చేరేసరికి నాలుగు. పొద్దున వాన జల్లు పడినట్టుంది, దారి తడిగా ఉంది. పాడె సిద్ధంగా ఉంది. బావగారికి కొడుకులు లేరు, కర్మ చెయ్యాల్సింది తమ్ముడే. కర్త నిప్పుకుండ పట్టుకుని పాడె ముందు నడవాలి. శ్మశానం ఊరికి కిలోమీటరు పైనే. పెద్దమనుషులు అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేసి ఉన్నారు.

"నువ్వు నడవలేవు గదా అబ్బయ్యా. అల్లుడు పట్టుకుంటాడు. నువ్వు అరుగుమీద కూచో," అన్నాడు వాళ్ళలో పెద్దాయన. చెడ్డగా ఏమీ అనలేదు, జాలిగానే అన్నాడు.

"నేను బండిమీద వస్తాను," అన్నారు మా ఆయన.

"బండేంది, పాడె ముందర? ఎక్కడన్నా ఉండాదా? పైగా పెట్రోలు బండి, చేతిలో నిప్పు."

మా ఆయనకు వాదించడం రాదు. నాకు వచ్చు గానీ, ఆ గుంపులో ఆడదాని మాట ఎవరు వింటారు. లోపలినుంచి అక్క వచ్చింది. అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి.

"రెండేళ్ళ బిడ్డప్పటినించి వాణ్ణి వాళ్ళన్న ఎత్తుకునే తిరిగినాడు. ఈ పొద్దు వాడు ముందర పోవాల," అన్నది. "కుండలో నిప్పుమీద బూడిద కప్పండి. మంట రాదు. ట్రైలరు తెరవండి మే."

ఎవరో పిడికెడు బూడిద తెచ్చి కుండలో పోశారు. నేను పక్క తలుపు తీసి లోపలికి పోయి కొక్కేలు విప్పాను. నా స్కూటరు దించాక, మా ఆయన తనది మెల్లగా దించుకున్నారు. పెద్దమనుషులు ఉట్టిలో పెట్టిన కుండను ఆయన ఎడమ చేతికి ఇచ్చారు. కుడి చేత్తో బండి నడుపుతూ, పాడె మోసేవాళ్ళ నడకకు తగ్గట్టు, ఆగి ఆగి ముందుకు పోయారు. అల్లుడు పక్కన ఒక చెయ్యి కుండ కింద పెట్టి నడిచాడు. పెద్దాయన కూడా వెనక నడిచాడు.

ఆడవాళ్ళం ఊరి చివరిదాకా పోయి ఆగిపోయాం. నేను నా స్కూటరు మీదే ఉన్నాను. అక్క ఒక చెయ్యి దాని సీటుమీద వేసి నిలబడింది. వాళ్ళు మలుపు తిరిగి కనపడకుండా పోయారు. డప్పు చప్పుడు దూరమైంది. తడి ఎర్రమట్టిలో మా ఆయన బండి చక్రాల మూడు గీతలు పక్కపక్కనే, ఎక్కడా వంకర లేకుండా, మలుపుదాకా పోయి ఉన్నాయి. వాటిమీద అక్కడక్కడ పాడె మోసినవాళ్ళ పాదాల ముద్రలు పడి, ఒక్కో గుంటలో కాస్త కాస్త నీళ్ళు ఊరుతున్నాయి.